నాకు పేరు పెట్టిన గ్రహణం

నేను పుట్టినప్పుడు నా పై పెదవి మధ్యలో చీలి ఉండేదట. దవాఖానాలో దానికి ఇంగ్లీషులో ఏదో రాసుకున్నారు గానీ, మన భాషలో దానికి ఎప్పటి నుంచో ఒక పేరుంది: గ్రహణం మొర్రి. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ బయట తిరిగినా, కత్తి పట్టుకుని ఏదైనా కోసినా, పుట్టే బిడ్డకు పెదవి చీలుతుందని నమ్మకం. అంటే బారసాల కంటే ముందే నాకొక పేరు పడిపోయిందన్నమాట.

పసితనంలోనే ఆపరేషన్ చేసి కుట్టేశారు. నాకు జ్ఞానం వచ్చేసరికి అది ఒక సన్నని గీత. అద్దంలో వెతుక్కుంటే తప్ప నాకే సరిగా కనిపించేది కాదు. నాచారంలో మా వీధి పిల్లలకు మాత్రం వెతక్కుండానే కనిపించేది. ఆటలో నేను గెలిచినప్పుడల్లా "గ్రహణం పట్టిందిరో" అని అరిచేవాళ్ళు. నేనూ తక్కువదాన్ని కాదు. అరిచినవాడి చెప్పుల్లో ఒకటి ఎత్తుకెళ్ళి మురుగు పారే మోరీలో వేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడేదాన్ని. వాడు ఒంటి చెప్పుతో ఇంటికి పోయి వాళ్ళమ్మతో తినే తిట్లు మా గోడ దాకా వినిపించేవి. అదే నాకు చాలు.

అసలు బాధ నాది కాదు, అమ్మది. అమ్మ నన్ను మోస్తున్న మొదటి నెలల్లో ఒక చంద్రగ్రహణం తెల్లవారుజామున పట్టిందట. నాన్నకు నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పని. ఆ వారం మొదటి షిఫ్టు, తెల్లారకముందే బయల్దేరాలి. "విడుపు అయ్యేదాకా మంచం దిగకు" అని నానమ్మ గట్టిగా చెప్పి పడుకుంది. భర్త ఖాళీ డబ్బాతో పనికి పోతాడేమోనని అమ్మకు మనసొప్పలేదు. చప్పుడు కాకుండా లేచి, స్టవ్వు వెలిగించి, ఒక ఉల్లిగడ్డ కోసి, కోడిగుడ్డు వేసి వండి డబ్బా కట్టింది. చేసిందల్లా అదే.

నేను పుట్టాక నానమ్మ పొత్తిగుడ్డ తీసి నా ముఖం చూసింది. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "ఆ దినం కత్తి వట్టుకుంటివి గద బిడ్డా" అని మెల్లగా ఒక్క మాట అన్నదట. తిట్టి ఉంటే అమ్మ కూడా నాలుగు మాటలు అనేసి ఊరుకునేది, అమ్మ నోరు చిన్నదేం కాదు. జాలిగా అన్న మాటకు ఎదురు చెప్పడం చేతకాక, దాన్ని అలాగే మింగేసింది. నానమ్మ పోయింది గానీ ఆ మాట పోలేదు.

నా చిన్నప్పుడు ఎప్పుడు గ్రహణం వచ్చినా అమ్మ నన్ను పక్కన పడుకోబెట్టుకునేది. తలుపులు బిగించి, కిటికీకి దుప్పటి కట్టి, నా మూతి మీద తన అరచెయ్యి అడ్డం పెట్టి అలాగే ఉండేది. ఆ చేతికి ఎప్పుడూ కొబ్బరినూనె, పసుపు కలిసిన వాసన. నాకు ఊపిరాడక చెయ్యి తోసేస్తే మళ్ళీ పెట్టేది. నాన్న ఒక్కోసారి చూసి, "గా ఉల్లిగడ్డ తిన్నోన్ని నేను. నాకేం గాలే, దానికేమైతది? వదిలిపెట్టు జర" అనేవాడు. అమ్మ వినిపించుకునేది కాదు.

ఇలా దాచిపెట్టి పెంచడం వల్ల ఏమైందంటే, నా పేరుకు కారణమైన ఆ గ్రహణాన్ని నేనెప్పుడూ కళ్ళతో చూడలేదు. నాకది భలే అన్యాయంగా తోచేది. నాకు పేరు పెట్టి, నా మొహం మీద గీత గీసిపోయిన దాన్ని ఒక్కసారైనా చూడొద్దా?

తొంభైల మొదట్లో, నేను ఇంటర్ పాసై ఖాళీగా ఉన్న ఎండాకాలంలో ఆ అవకాశం వచ్చింది. అయితే అప్పటికి మా ఇంట్లో ఇంకో మనిషి చేరింది. మా వదిన. అన్నకు రైల్వేలో ఉద్యోగం, వారంలో సగం రోజులు రైళ్ళ మీదే. వదినది ఉప్పల్. హబ్సిగూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్పేది. నెమ్మదైన మనిషే గానీ అనుకున్నది చెయ్యకుండా మానేది కాదు. ఆ జూన్ నాటికి ఆమెకు ఏడో నెల నడుస్తోంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అమ్మను "అత్తమ్మా" అని పిలుస్తూ, నన్ను "ఏం పిల్లా" అని ఆటపట్టిస్తూ మా ఇద్దరి మధ్య హాయిగా ఇమిడిపోయింది.

మా ఇంటి ఎదురుగా కాలనీ గ్రౌండు ఉండేది. గ్రౌండుకు అవతలి పక్క ఇంట్లో ఒక సారు ఉండేవాడు. కోస్తా మనిషి. హబ్సిగూడ వైపున్న ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. నీళ్ళ పైపు ఒకటి తెచ్చి, అద్దాలు బిగించి, సొంతంగా టెలిస్కోపు చేసుకున్నాడు. అప్పటి నుంచి కాలనీలో అందరికీ ఆయన టెలిస్కోపు సారే. వచ్చేది సంపూర్ణ చంద్రగ్రహణమని, గ్రౌండులో అందరం కలిసి చూద్దామని ఇంటింటికీ తిరిగి, పెళ్ళికి పిలిచినట్టు పిలిచాడు.

మా ఇంటికీ వచ్చాడు. అమ్మ చాయ్ ఇచ్చింది.

"మీరందరూ తప్పకుండా రావాలమ్మా. మీ కోడల్ని కూడా తీసుకురండి" అన్నాడు.

అమ్మ ముఖంలో రంగు మారింది. "కడుపుతోని ఉన్నది సారు" అంది.

"అయితే ఏమైందమ్మా? గ్రహణమంటే భూమి నీడే కదా."

"నీడనే సారు. నీడ వడ్తదనే గదా భయం" అంది అమ్మ.

ఆయన నవ్వబోయి, అమ్మను చూసి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

వదిన మాత్రం రాత్రి అన్నాలు తినేటప్పుడు మెల్లగా కదిపింది. "అత్తమ్మా, పెదవి రెండో నెల, మూడో నెల లోపల్నే అతుకుతది. నేను పిల్లలకు గదే పాఠం చెప్త. నాకిప్పుడు ఏడో నెల. ఇగ చీల్తదని భయమే లేదు."

"నీ పాఠం నీ బడిల చెప్పు బిడ్డా" అంది అమ్మ. అంటూనే వదిన కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది. "గీ ఒక్క దినం నా మాట విను. ఇంకెప్పుడు నిన్ను ఏదీ అడ్గ."

వదిన తలూపింది. ఒప్పుకున్నట్టే తలూపింది గానీ, తర్వాత నా దగ్గరకొచ్చి ఆ పాఠమంతా బొమ్మ గీసి మరీ చెప్పింది. తల్లి కడుపులో బిడ్డ ముఖం రెండు వైపుల నుంచి పెరిగి వచ్చి ముక్కు కింద కలుసుకుంటుందట. ఎవరికైనా అంతే. ఒక్కొక్కరికి అక్కడ కలవకుండా ఆగిపోతుంది. ఎందుకో చాలాసార్లు ఎవరికీ తెలియదట. నేను ఆ బొమ్మను చాలాసేపు చూశాను. నా పెదవి గురించి ఎవరి తప్పూ ఎంచకుండా ఒకరు చెప్పడం అదే మొదలు.

మర్నాడు అమ్మ గుడి పంతులు దగ్గరికి వెళ్ళి నియమాలన్నీ అడిగి వచ్చింది. ఈసారి గ్రహణం పట్టడం మనకు కనిపించదట. చంద్రుడు రావడమే గ్రహణంతో వస్తాడట. అందుకే సాయంత్రం నుంచే గర్భిణి లోపల ఉండాలి, వెల్లకిలా పడుకోవాలి, గోరుతో గీరుకోవడం కూడా పనికిరాదు. వస్తూ వస్తూ అమ్మ ఇంకో మాట కూడా పట్టుకొచ్చింది. ఆకాశంలో ఉన్నా సరే, మబ్బు కమ్మి మన కంటికి అగుపించకపోతే ఆ గ్రహణానికి దోషం లేదని పంతులు చెప్పాడట. అమ్మ ఆ రోజంతా మబ్బు కోసం ఎదురుచూసింది. అది రాలేదు.

గ్రహణం రోజు పొద్దున్నే వంట, భోజనాలు అయిపోయాయి. ఆవకాయ జాడీ మీద, నీళ్ళ బిందె మీద, పాలగిన్నె మీద గరిక పోచలు. ముందు రోజు వచ్చిన ట్యాంకరు నీళ్ళను బకెట్లలో, డ్రమ్ములో నింపి మూతలు పెట్టాం. విడుపు స్నానానికి ఇంటిల్లిపాదికీ తలా ఒక బకెట్. ఆ ఎండాకాలం మాకు రెండు రోజులకోసారి నీళ్ళు. స్నానం గురించి నాన్న గొణిగితే అమ్మ అసలు వినలేదు.

సాయంత్రానికి వదినను వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టి, కిటికీకి పాత దుప్పటి కట్టి, తలుపు దగ్గరకు వేసి అమ్మ పక్కనే చాప పరుచుకుంది. నేను బెరుకుగా అడిగాను, గ్రౌండుకు పోనా అని. అమ్మ కాసేపు నా ముఖం చూసింది.

"పో. నీకయ్యేది ఎప్పుడో అయిపాయె" అంది.

కోపంతో అన్న మాట కాదది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. అయినా వెళ్ళాను, ఆపుకోలేక.

గ్రౌండులో జాతరలా ఉంది. టెంట్ హౌస్ నుంచి కుర్చీలు, జంపఖానాలు. గణేశ్ మండలి వాళ్ళ మైకు. నాన్న ఫ్యాక్టరీ దోస్తులు, రైల్వే వాళ్ళు, మల్కాజిగిరి నుంచి చుట్టాలను వెంటేసుకుని వచ్చినవాళ్ళు. కొందరు ఆడవాళ్ళు చూడటానికి వచ్చినట్టు కాకుండా, ఊరికే అటుగా పోతూ ఆగినట్టు గోడ వెంబడి నిలబడ్డారు. మధ్యలో మూడు కాళ్ళ స్టాండు మీద సారు తెల్ల పైపు. దాని పక్కన ఒక స్టీలు బేసినులో బిస్కెట్లు. గ్రహణం వేళ తిన్నా ఏమీ కాదని చూపించడానికి ఆయనే పెట్టించాడు.

"తీసుకోండి, తీసుకోండి" అని మైకులో పిలుస్తున్నాడు.

"మీరు తినుండ్రి సారూ. మీకేమన్న అయితదో లేదో సూసి మేము తింటం" అన్నాడు నాన్న దోస్తు ఒకాయన. అందరూ గొల్లుమన్నారు. సారు నాలుగు బిస్కెట్లు తిన్నాడు. ఆయనకేమీ కాలేదు. అయినా ఎవరూ ముట్టలేదు.

పొద్దు గుంకింది. ఫ్యాక్టరీ పొగగొట్టాల వెనక తూర్పు అంచున అందరం చూపులు పెట్టుకుని కూర్చున్నాం. చంద్రుడు రాలేదు. రావలసిన వేళ దాటిందని సారు గడియారం చూసుకున్నాడు. పైపు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "వచ్చే ఉంటాడండీ, కాస్త ఓపిక పట్టండి" అంటున్నాడు గానీ ఆయన గొంతులో బెంగ తెలుస్తూనే ఉంది.

"ఉప్పల్ చౌరస్తాల బస్సు దొర్కలేదేమో సారూ" అని ఒకరు.

"ఘట్‌కేసర్ల టికెట్ లేకుంట దొరికిండేమో" అని రైల్వే ఆయన.

నేను మధ్య మధ్య ఇంటికి పరుగెత్తి, వెనక గది కిటికీ దగ్గర నిలబడి "రాలేదమ్మా" అని చెప్పి వస్తున్నాను. నేను చెప్పినప్పుడల్లా లోపల అమ్మ గట్టిగా ఊపిరి వదలడం వినిపించేది.

అంతలో కరెంటు పోయింది. మైకు మూగబోయింది. వీధి దీపాలు, ఇళ్ళలో దీపాలు, ఫ్యాక్టరీ గేట్ల మీది దీపాలు అన్నీ ఆరిపోయాయి. ఈసారి నేను వెళ్ళేసరికి లోపల ఫ్యాను ఆగిపోయి, గదిలో వేడి బయటికి కొడుతోంది.

"అత్తమ్మా, నాకు కండ్లు తిరుగుతున్నయ్" అంటోంది వదిన. మాట నీరసంగా వస్తోంది. బయటికి రావాలని కల్పించి అన్న మాట కాదది. ఏ నొప్పినైనా దాచుకునే మనిషి.

అమ్మ విసనకర్రతో విసురుతూ నన్ను అడిగింది. "నువ్వు మంచిగ సూసినవా? నిజంగ రాలేదా?"

"గ్రౌండు నిండ మనుషులున్నరు. ఎవ్వరికీ కనవడ్తలేదు. సారు టెలిస్కోపులకెల్లి సూస్తున్నడు. ఆయినకే దొర్కుత లేదు" అన్నాను.

అమ్మ విసరడం ఆపింది. చీకట్లో ఆమె ముఖం కనిపించలేదు గానీ, లోపల లెక్క జరుగుతున్నట్టు నాకు తెలిసింది. పంతులు మాట ఒకవైపు, కళ్ళు తిరుగుతున్న కోడలు ఒకవైపు.

"గంత మంది కండ్లు పెట్టి సూస్తున్నా అగుపిస్తలేదంటే, లేనట్టే. చంద్రుడే లేనప్పుడు గ్రహణమేడిది?" అంది చివరికి. "లెవ్వు బిడ్డా. అది రాకముందే జర గాలి పీల్చుకొని వద్దాం."

వదినను చెరో చెయ్యి పట్టుకుని గ్రౌండు అంచున, మా గేటుకు ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాం. గాలి తగిలి ఆమె కాస్త తేరుకుంది. పొద్దుటి భోజనం తర్వాత ఆమె కడుపులోకి మధ్యాహ్నం మజ్జిగ తప్ప ఏమీ పోలేదు. అమ్మ లోపలికి పోయి ఒక బంగినపల్లి మామిడిపండు, చాకు తెచ్చింది. నిలబడే గబగబా కోసి ముక్క చేతిలో పెట్టింది.

"తిను తిను, అది రాకముందే తినెయ్యి" అని తొందరపెడుతోంది. ఒక ముక్క, ఇంకో ముక్క. అమ్మ మొహం ఎన్నాళ్ళకో తేలికపడింది. నియమమూ తప్పలేదు, పిల్ల కడుపూ నిండుతోంది.

మూడో ముక్క నోట్లో పెట్టుకుంటూ వదిన తలెత్తింది. అందరిలా ఆమె తూర్పు అంచును చూడలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని ఉంది కాబట్టి, ఆమె చూపు కొంచెం పైకి పోయింది.

"అత్తమ్మా, గా పొగగొట్టం మీద ఎర్రగ ఏందది? లైటా?"

అమ్మ చాకు పట్టుకునే అటు తిరిగింది. నేనూ చూశాను. పొగగొట్టం కంటే చాలా పైన, మసక ఎరుపులో, గుండ్రంగా, వెలుగు లేకుండా ఏదో వేలాడుతోంది.

"కరెంటు లేదు గద వదినా, లైటు ఏడికెల్లి వస్తది?" అన్నాను. అనగానే నా మాట నాకే అర్థమైంది.

అది ఎప్పుడో వచ్చేసింది. సంధ్య వెలుగులో, దుమ్ములో కలిసిపోయి, మేమంతా కింద వెతుకుతుంటే మా తలల మీదుగా మెల్లగా పైకెక్కుతోంది. తెల్లటి పండు వెన్నెల చంద్రుడి కోసం చూస్తున్న కళ్ళకు ఆ ఇటుక రంగు ఆనలేదు. సారు కళ్ళకు కూడా ఆనలేదు.

నేను అరిచాననుకుంటాను. సారు తిరిగి చూసి, రెండు చేతులూ పైకెత్తి, "అదిగో! అదిగోనండీ! ఎవరు, ఎవరు ముందు చూసింది?" అంటూ పరుగెత్తుకొచ్చాడు. పిల్లలందరూ ఆయన వెంట. "ఈ అమ్మాయేనా? అందరికంటే ముందు చూసింది మన కాలనీ కోడలు! చప్పట్లు కొట్టండి!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య అందరికీ కనిపించింది, నిండు కడుపుతో వదిన, ఆమె చేతిలో మామిడి ముక్క, పక్కనే చాకుతో అమ్మ. గోడ వెంబడి ఉన్న ఆడవాళ్ళలో ఎవరో "అయ్యో, అయ్యో" అన్నారు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

అమ్మ చేతిలోని చాకు మట్టిలో పడింది. మామిడి రసం కారుతున్న చేతులను ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది. "మళ్ళ నేనే" అంది. "మళ్ళ నా చేతులతోనే."

నేను అమ్మ భుజం పట్టుకున్నాను. ఆ ఉల్లిగడ్డ కథను నేను ఎన్నిసార్లు విన్నానో, విసుక్కున్నానో, నవ్వానో. అది ఇన్నేళ్ళుగా ఆమె లోపల ఎంత బరువుగా ఉందో ఆ క్షణం వరకు నాకు తెలియదు. ఆ చేతులను చూస్తుంటే ఏడుపొచ్చింది.

వదిన మాత్రం నోట్లో ఉన్న ముక్కను నమిలి, మింగి, నెమ్మదిగా అంది. "లోపలికి పోదామంటె వస్త అత్తమ్మా. కానీ సూసుడైతే అయిపాయె. ఇగ సగంల లేస్తే ఏమొస్తది? పూర్తిగ సూడనియ్యి."

అమ్మ ముందుకు వచ్చి, చంద్రుడికి వీపు పెట్టి, సరిగ్గా వదిన ఎదుట నిలబడింది. కొంగు విప్పి రెండు చేతులతో వదిన కడుపు ముందు తెరలా పట్టుకుంది. కళ్ళతో చూస్తే చూసింది, ఆ నీడ మాత్రం కడుపు మీద పడకూడదని. అలాగే నిలబడిపోయింది. ఎవరెంత చెప్పినా కదలలేదు. కుర్చీ తెచ్చినా కూర్చోలేదు.

నాకు పేరు పెట్టిన గ్రహణాన్ని నేను అలా, మా అమ్మ భుజం మీదుగా చూశాను. నిజం చెప్పొద్దూ, మొదట ఉసూరుమంది. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నదా, ఇంత మసకదా, దీనికా ఇన్ని తలుపులు బిగించింది? తర్వాత చూస్తూ చూస్తూ ఉంటే కోపం పోయింది. పొయ్యిలో ఆరిపోతున్న బొగ్గులా ఉంది పాపం. దానికీ ఏదో కష్టం వచ్చినట్టుంది గానీ, ఒకరికి కష్టం పెట్టేదానిలా లేదు.

కాసేపటికి దాని కింది అంచున తెల్లగా ఒక గీత మెరిసింది. గ్రౌండంతా "హో" అంది. సారు అందరినీ వరుసలో నిలబెట్టి టెలిస్కోపులో చూపించాడు. వదినను ముందు రమ్మన్నాడు గానీ, ఆమె అమ్మను చూసి "వద్దు సార్, ఈడికెల్లి మంచిగనే కనవడ్తున్నది" అంది. కూర్చున్న చోటు నుంచే మెడ ఒకసారి ఇటు, ఒకసారి అటు వంచి, అమ్మ పక్క నుంచి చూస్తోంది. వెలుగు పెరిగే కొద్దీ అమ్మ వీపు మీద వెన్నెల పడింది. కొంగు ఒక అంచు కిందికి జారుతోంది. నాన్న వచ్చి కొంగు రెండో అంచు తను పట్టుకున్నాడు. గ్రహణాన్ని ఎప్పుడూ నమ్మని మనిషి. విడుపయ్యే దాకా ఇద్దరూ అలా నిలబడ్డారు.

చంద్రుడు పూర్తిగా తెల్లబడగానే గ్రౌండు ఖాళీ అయింది. అందరూ స్నానాలకు ఉరికారు. కాలనీ అంతా మగ్గుల చప్పుళ్ళు. బిస్కెట్ల బేసిను పిల్లల చేతుల్లో క్షణాల్లో ఖాళీ అయింది. అమ్మ వదిన తల మీద తన చేత్తో నీళ్ళు పోసింది. తన వంతు బకెట్ కూడా ఆమె మీదే పోసింది. తనకు నీళ్ళు మిగలలేదు. డ్రమ్ములో అడుగున ఉన్నవి ముంచుకుని తల మీద చల్లుకుంది.

ఆ తర్వాత రోజులు బాగా లేవు. అమ్మ సరిగా తినడం మానేసింది. వదిన మళ్ళీ పాఠం మొదలుపెడితే "అయితే నీ పుస్తకం నిజం గావాలె బిడ్డా" అనేది తప్ప నమ్మేది కాదు. కొన్నాళ్ళకు ఉప్పల్ నుంచి పుట్టింటివాళ్ళు వచ్చి వదినను కాన్పుకు తీసుకెళ్ళారు. అమ్మ ఏదో ఒక వంకతో బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేది. ఒకసారి సున్నుండలు, ఒకసారి పాత మెత్తటి చీరలు. వచ్చాక నా పక్కన కూర్చుని నా ముఖం వైపు చూసేది. చూసి చూపు తిప్పుకునేది. అలా చూసినప్పుడల్లా నాకు కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియదు. నా పెదవి మీద గీత ఉండటం నాకు ఏనాడూ నొప్పి కాలేదు. అది అమ్మకు నొప్పి కావడమే నొప్పి.

వానలు ముదిరాక ఒక పొద్దున కబురొచ్చింది. ఉప్పల్‌లో చిన్న నర్సింగ్ హోమ్. మేము వెళ్ళేసరికి కాన్పు అయిపోయింది. ఆడపిల్ల. వదిన పడుకున్న గదిలోకి నర్సు పిల్లను మెత్తటి చీర ముక్కలో చుట్టి తెచ్చి అమ్మకు అందించబోయింది. అమ్మ చేతులు చాపలేదు. వెనక్కి జరిగింది.

"నువ్వు సూడు బిడ్డా ముందుగాల" అంది నాతో.

నేను తీసుకున్నాను. చీర అంచు కిందికి జరిపాను. నానమ్మ కూడా ఇలాగే జరిపి చూసి ఉంటుంది. కళ్ళు మూసుకుని నిద్రపోతోంది పిల్ల. ముక్కు కింద చిన్న గుంట, ఆ కింద నిండుగా, ఎక్కడా చీలిక లేకుండా పై పెదవి. ఆవలించింది కూడా.

"మంచిగున్నదమ్మా" అన్నాను. "మస్తుగున్నది."

అమ్మ అప్పుడు దగ్గరికొచ్చింది. చూపుడువేలితో ఆ పెదవిని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తడిమింది. పిల్ల ఆ వేలిని చప్పరించబోయింది. అమ్మ మెల్లగా బెంచీ మీద కూర్చుండిపోయింది. తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ఒక ప్రశ్న ఉంది.

"గ్రహణం సూసె. మామిడిపండు గోస్తి. అయినా గీ పిల్లకేం గాలే." పిల్ల పెదవిని ఇంకోసారి తడిమింది. "అంటే, నీకు గా ఉల్లిగడ్డతోని కాలేదా?"

నాకు ఎవరు తప్పు మాట్లాడినా సరిదిద్దే జబ్బు ఉంది. ఏడో నెలకు పెదవి ఎప్పుడో అతికి ఉంటుందని, అందుకే ఆ మామిడిపండు దేన్నీ రుజువు చేయదని వదిన నాకు బొమ్మ గీసి చెప్పింది. నేను నోరు తెరిచాను. మంచం మీద నీరసంగా పడుకుని ఉన్న వదిన నా వైపు చూసి, వద్దన్నట్టు తలాడించింది. బడిలో పాఠం తప్పుగా చెబితే పిల్లలను ఊరికే వదిలిపెట్టని మనిషి.

"కాలే అత్తమ్మా" అంది. "ఉల్లిగడ్డతోని కానే కాలే. మీరేం జెయ్యలే."

అమ్మ ఏడ్చింది. పిల్లను గుండెకు హత్తుకుని, చప్పుడు లేకుండా, తనివితీరా ఏడ్చింది. నాన్న తలుపు దగ్గర నిలబడి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిగడ్డ తిన్నది తానేనన్న మాట ఆ రోజు అనలేదు.

ఏడుపు అయ్యాక అమ్మ నన్ను పక్కన కూర్చోమంది. నా గడ్డం పట్టుకుని కిటికీ వెలుగు వైపు తిప్పింది. ఎప్పుడూ అరచేత్తో కప్పేదే గానీ అలా తేరిపార చూసింది లేదు. బొటనవేలితో ఆ గీత మీద పై నుంచి కింది దాకా రాసింది.

"మంచిగనే కుట్టిండు గద డాక్టరు. కుట్టు సుత కనవడ్త లేదు" అంది.